వరిలో ఎండాకు తెగులు: బ్యాక్టీరియా ఏ జన్యువుతో ఏ పని చేస్తుంది, మనం దాన్ని ఎక్కడ ఆపాలి

గాలివాన పడ్డ వారం పది రోజులకు మిర్యాలగూడ, హాలియా, త్రిపురారం వైపు సాగర్ ఎడమ కాల్వ కింద, ఇటు జూరాల కింద కూడా, వరి ఆకులు కొసల నుంచి ఎండుకుంటూ వస్తాయి. రైతు మొదట అడిగేది "ఏం కొట్టాలి" అని. షాపులో చేతికి వచ్చేది అగ్గి తెగులు మందో, కార్బెండజిమో. రెండూ శిలీంద్రాల మీద పనిచేసేవి. ఎండాకు తెగులు తెచ్చేది శాంథోమోనాస్ ఒరైజే అనే బ్యాక్టీరియా. దాని మీద ఈ మందులు పనిచేయవు, డబ్బులు నీళ్లలో పోసినట్టే.

ఈ బ్యాక్టీరియా ఆకులోకి దూరడానికి, చక్కెర లాక్కోవడానికి, ఈనెలు తినడానికి, జిగురు చేసుకోవడానికి వేర్వేరు జన్యువులు వాడుకుంటుంది. ఏ జన్యువు ఎప్పుడు పనిలోకి దిగుతుందో తెలిస్తే, పొలంలో ఏ జాగ్రత్త ఎందుకు చెబుతున్నారో అర్థమవుతుంది. ఏది దండగ ఖర్చో కూడా తెలుస్తుంది.

ముందు గ్లాసు నీళ్లతో తేల్చుకోండి

కొసలు ఎండిన ప్రతి ఆకూ ఈ తెగులు కాదు. పొటాష్ తక్కువైనా, చౌడు ఉన్నా, కలుపు మందు మోతాదు మించినా కొసలు ఎండుతాయి. తేల్చుకోవడానికి లేబరేటరీ అక్కర్లేదు, గాజు గ్లాసు, శుభ్రమైన నీళ్లు, కత్తెర చాలు.

ఉదయం ఎండ ముదరక ముందే పొలానికి వెళ్లండి. ఎండాకు తెగులు మచ్చ ఆకు కొసన మొదలై ఒక అంచు వెంటో, రెండు అంచుల వెంటో కిందికి దిగుతుంది. పసుపు, ఆకుపచ్చ కలిసే గీత తిన్నగా ఉండదు, అలలు అలలుగా ఉంటుంది. ఆ గీత దగ్గర ఆకును ఒడిసిపట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. తాజా మచ్చ అయితే పాలలా ఉండే, లేదా లేత పసుపు రంగు చిన్న బొట్లు కనబడతాయి. పొద్దెక్కితే ఎండి పసుపు పూసల్లా ఆకుకు అంటుకుని ఉంటాయి, గోటితో గీకితే రాలతాయి. ఆ బొట్టులో ఉన్నది బ్యాక్టీరియా, దాని జిగురు.

బొట్లు కనబడకపోతే పసుపు, పచ్చ కలిసే చోట అటు కొంత ఇటు కొంత వచ్చేలా రెండు సెంటీమీటర్ల ముక్క కత్తిరించండి. గ్లాసులో నీళ్లు కదలకుండా నిలిచాక ముక్కను కోసిన అంచు కిందికి వచ్చేలా నీళ్లలో ముంచి పట్టుకుని, వెనక నల్ల గుడ్డో, చీకటి గోడో ఉండేలా చూడండి. ఐదు పది నిమిషాల్లో కోసిన చోటు నుంచి సన్నని పొగలాంటి తెల్లటి ధార కిందికి జారితే అది బ్యాక్టీరియానే. పక్కన మంచి ఆకు ముక్కను కూడా ఇంకో గ్లాసులో వేసి పోల్చుకోండి.

ఈ పరీక్ష తప్పేది ఎక్కువగా ముక్క ఎంపికలోనే. పూర్తిగా తెల్లబడి ఎండిన భాగం కోస్తే ధార రాదు, లేదా చచ్చిన ఆకు మీద పెరిగే వేరే సూక్ష్మజీవులు నీళ్లను కలుషితం చేసి మోసం చేస్తాయి. బురద అంటిన ఆకు కడగకుండా వేసినా అంతే. ఇంకో చిక్కు ఉంది. ఇదే జాతిలో దీనికి దగ్గరి చుట్టమైన బ్యాక్టీరియా వరిలో చారల తెగులు తెస్తుంది, దానికీ ధార వస్తుంది. చారల తెగులులో మచ్చలు ఈనెల మధ్య సన్నని గీతల్లా, వెలుతురుకు పెడితే అవతల కనబడేలా ఉంటాయి. అంచు వెంట పొడుగ్గా దిగవు.

నాటిన మూడు నాలుగు వారాల్లో మొక్క మొత్తం బూడిద పచ్చగా మారి, ఆకులు చుట్టుకుని వాడిపోతే అది ఇదే తెగులు తొలిదశ రూపం, దీన్ని క్రెసెక్ అంటారు. కాండం తొలిచే పురుగు అని చాలామంది గుళికలు చల్లుతారు. తేడా సులువుగా తెలుసుకోవచ్చు. పురుగైతే మధ్య మొవ్వ లాగగానే ఊడి వస్తుంది. క్రెసెక్‌లో మొవ్వ అంత తేలిగ్గా రాదు, మొక్క మొదలు కోసి వేళ్ల మధ్య నొక్కితే పసుపు జిగురు బయటికి వస్తుంది.

ఆకులోకి ఎలా దిగుతుంది

వరి ఆకు అంచుల వెంట, కొసన నీళ్లు చెమర్చే సన్న రంధ్రాలుంటాయి. తెల్లవారుజామున ఆకు కొసన నిలిచే నీటి బొట్టు అక్కడి నుంచి వచ్చేదే. బ్యాక్టీరియా ఆ నీటి బొట్టులో ఈది లోపలికి పోతుంది. అక్కడి నుంచి నేరుగా నీళ్లు మోసే నాళాల్లోకి చేరుతుంది. తెగులు కొసల నుంచి మొదలై అంచుల వెంట దిగడానికి కారణం ఇదే. ఆకుకు అతుక్కోవడానికి దానికి జిగట ప్రోటీన్ల జన్యువులు వేరే ఉన్నాయి, కానీ పొలంలో అంతకన్నా పెద్ద దారి గాయం. నాటేటప్పుడు నారు కొసలు తుంచడం, గాలికి ఆకులు ఒకదానికొకటి ఒరుసుకోవడం, తడి ఆకుల మధ్య మనుషులు తిరగడం, ఇవన్నీ రంధ్రాల కోసం వెతుక్కునే పని లేకుండా చేస్తాయి.

నారు కొసలు తుంచడం మన దగ్గర ముదురు నారుకు మామూలు. ఈ తెగులు వచ్చే పొలంలో అది మానేయాల్సిన మొదటి పని. ఒక తెగులు మొక్కను తుంచిన చేతులే తర్వాతి వంద మొక్కలను తుంచుతాయి.

లోపలికి చేరాక అసలు పని మొదలవుతుంది. బ్యాక్టీరియా దగ్గర హెచ్‌ఆర్‌పి అనే జన్యువుల గుంపు ఉంది. ఇవి కలిసి బ్యాక్టీరియా పొర మీద ఇంజక్షన్ సూదిలాంటి యంత్రాన్ని కడతాయి. దాని గుండా బ్యాక్టీరియా తన ప్రోటీన్లను నేరుగా వరి కణంలోకి దింపుతుంది. ఈ గుంపులో కీలక జన్యువును తీసేసిన బ్యాక్టీరియాను ఆకులో పెడితే అది బతుకుతుంది గానీ తెగులు తేలేదు. ఇంకో సంగతి: ఈ జన్యువులు ఎప్పుడూ పనిచేస్తూ ఉండవు. పోషకాలు దండిగా ఉన్న లేబరేటరీ ద్రవంలో నిద్రపోతాయి. మొక్క కణాల మధ్య ఉండే పలుచని రసంలాంటి చోట హెచ్‌ఆర్‌పి-జి, హెచ్‌ఆర్‌పి-ఎక్స్ అనే రెండు నియంత్రకాలు వాటిని లేపుతాయి. అంటే యంత్రం తయారయ్యేది ఆకు లోపలికి చేరాకే. అక్కడికి మనం పైన కొట్టే రాగి మందు చేరదు.

చక్కెర కోసం వరి జన్యువునే పట్టుకోవడం

సూది గుండా దిగే ప్రోటీన్లలో ముఖ్యమైనవి టేల్ ప్రోటీన్లు. ఇవి వరి కణం కేంద్రకంలోకి వెళ్లి, వరి డీఎన్ఏ మీద కూర్చుని, వరి జన్యువును మేల్కొలుపుతాయి. టేల్ ప్రోటీన్‌లో ఎక్కువగా 34 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి పదే పదే వస్తుంది. ఆ ముక్కలు దాదాపు ఒకేలా ఉంటాయి, 12, 13 స్థానాల్లోని రెండు అమైనో ఆమ్లాలు తప్ప. ఒక్కో ముక్కలోని ఆ జంట డీఎన్ఏ మీద ఒక్కో అక్షరాన్ని గుర్తిస్తుంది. ఈ సంకేతాన్ని 2009లో ఛేదించారు. ఆసియా రకం బ్యాక్టీరియాల్లో ఒక్కోదాంట్లో ఇలాంటి టేల్ జన్యువులు 20కి దగ్గరగా కూడా ఉంటాయి.

అవి ఎవరిని లేపుతాయి? ఎక్కువగా స్వీట్ అనే చక్కెర రవాణా జన్యువులను. పిటిహెచ్-ఎక్స్ఓ1 అనే టేల్ స్వీట్11ను లేపుతుంది, పిటిహెచ్-ఎక్స్ఓ2 స్వీట్13ను, పిటిహెచ్-ఎక్స్ఓ3, ఏవీఆర్-ఎక్స్ఏ7 అనేవి స్వీట్14ను. లేచిన స్వీట్ జన్యువు కణంలోంచి చక్కెరను బయటికి వదిలిపెడుతుంది, బ్యాక్టీరియాకు తిండి దొరుకుతుంది. స్వీట్ జన్యువులు వరికి తన పనుల కోసం ఉన్నవే. స్వీట్11 పుప్పొడి ఏర్పడడానికీ కావాలి, దాన్ని పూర్తిగా తీసేస్తే తాలు పెరుగుతుంది. అందుకే ప్రకృతిలో దొరికిన ఎక్స్ఏ13 అనే నిరోధక రూపంలో జన్యువు అలాగే ఉంది, టేల్ కూర్చునే చోటు మాత్రమే మారింది. వరి తన అవసరానికి దాన్ని వాడుకుంటుంది, బ్యాక్టీరియాకు మాత్రం అది దక్కదు.

గోడ కోయడం, జిగురు పోయడం

చక్కెర ఒక్కటే చాలదు. నాళాల్లో పాకాలంటే కణాల గోడలు కరగాలి. ఎక్స్‌పిఎస్ అనే మరో జన్యువుల గుంపు గోడలను కరిగించే ఎంజైములను బయటికి పంపుతుంది. వాటిలో సీబీఎస్ఏ అనే సెల్యులోజ్ కోసే ఎంజైము ముఖ్యమైనది. నాళాల్లో పాకే ఎండాకు తెగులు బ్యాక్టీరియాకు ఈ జన్యువు ఉంది, ఈనెల మధ్యే ఉండిపోయే చారల తెగులు బ్యాక్టీరియాకు లేదు. ఒక్క జన్యువు ఉండడం, లేకపోవడంతో మచ్చ ఆకారం మారడం చూస్తే, పైన చెప్పిన రెండు తెగుళ్ల తేడా ఎక్కడిదో తెలుస్తుంది.

గోడ కోస్తే మొక్క ఊరుకోదు. తెగిన గోడ ముక్కలను పసిగట్టి రక్షణ మొదలుపెడుతుంది. ఈ రక్షణను అణచడానికి బ్యాక్టీరియా అదే సూది గుండా ఎక్స్ఓపీ-ఎన్, క్యూ, ఎక్స్, జెడ్ అనే ప్రోటీన్లను దింపుతుందని హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) పరిశోధనల్లో తేలింది. ఒక చేత్తో గోడ కోస్తూ ఇంకో చేత్తో మొక్క అరుపు నొక్కేస్తుందన్నమాట.

ఇక జిగురు. గమ్ అనే పేరుతో 12 జన్యువుల వరుస శాంథన్ జిగురును తయారు చేస్తుంది. ఈ జాతి బ్యాక్టీరియా నుంచి తీసే శాంథన్ గమ్‌నే ఐస్‌క్రీం, సాసు తయారీలో వాడతారు, డబ్బా మీద చదివితే పేరు కనబడుతుంది. ఆకులో మాత్రం అది నాళాలకు అడ్డం పడుతుంది, నీళ్లు పైకి ఎక్కవు. ఉదయం మనం చూసిన బొట్టు ఈ జిగురే. ఎండిన పూసలో బ్యాక్టీరియా దాగి ఉండి, వాన పడగానే కరిగి పక్క ఆకు మీద చిందుతుంది.

జిగురు ఎప్పుడు పోయాలో, ఎంజైములు ఎప్పుడు వదలాలో ఆర్‌పీఎఫ్ జన్యువులు చూసుకుంటాయి. బ్యాక్టీరియాలు ఒక కొవ్వు ఆమ్లపు సంకేతాన్ని వదులుతూ ఉంటాయి. సంఖ్య పెరిగే కొద్దీ ఆ సంకేతం చిక్కబడుతుంది, అప్పుడే ఈ పనులు ఊపందుకుంటాయి. పొలంలో ఒక వారం ఏమీ లేనట్టుండి ఆ తర్వాతి వారం ఒక్కసారిగా మడంతా ఎండినట్టు కనబడడంలో ఈ లెక్కకూ భాగముంది. మచ్చ కనబడే నాటికి లోపల జనాభా ఇప్పటికే పెరిగిపోయి ఉంటుంది.

రకం ఎంపిక: మూడు జన్యువులు ఎందుకు

ఇక్కడే అసలు ఫలితం ఉంది, మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే అన్నది మా అభిప్రాయం. బీపీటీ 5204, అంటే సాంబమసూరి, బాపట్ల నుంచి 1986లో వచ్చింది. బియ్యం నాణ్యతకు పేరు, ఎండాకు తెగులుకు మాత్రం లొంగిపోతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి దానికి మూడు నిరోధక జన్యువులు చేర్చి 2008లో ఇంప్రూవ్డ్ సాంబమసూరి విడుదల చేశాయి. సంకరం చేసి, ప్రతి తరంలో డీఎన్ఏ గుర్తులతో వెతికి ఎంచుకున్న రకం అది. బయటి నుంచి జన్యువు చొప్పించిన జీఎం పంట కాదు. సాంబమసూరి కన్నా కొద్దిగా ముందే కోతకు వస్తుంది.

ఆ మూడూ మూడు వేర్వేరు చోట్ల అడ్డుపడతాయి. ఎక్స్ఏ13 గురించి పైన చెప్పుకున్నాం, స్వీట్11 దగ్గర టేల్ కూర్చునే చోటు మార్చేస్తుంది. ఎక్స్ఏ5 వరి కణంలోని ఒక సాధారణ ప్రోటీన్‌లో చిన్న మార్పు. టేల్ ప్రోటీన్లు వరి జన్యువును లేపడానికి ఆ ప్రోటీన్‌ను పట్టుకోవాలి, మారిన రూపంలో సరిగ్గా పట్టు దొరకదు. ఎక్స్ఏ21 కణం పొర మీద కాపలా ఉండే గ్రాహకం. బ్యాక్టీరియా బయటికి వదిలే రాక్స్-ఎక్స్ అనే చిన్న ప్రోటీన్‌ను అది గుర్తించి రక్షణ మొదలుపెడుతుంది. ఆఫ్రికా అడవి వరి ఒరైజా లాంగిస్టామినేటా నుంచి వచ్చిన ఈ జన్యువును 1995లో వేరు చేశారు, అది పట్టుకునేది రాక్స్-ఎక్స్‌నని 2015లో తేలింది.

ఒక్కటే చాలదా అంటే చాలదు. ఎక్స్ఏ13 ఉన్న వరిని స్వీట్14 లేపగల టేల్ ఉన్న బ్యాక్టీరియా దాటేస్తుంది. ఎక్స్ఏ5నూ కొన్ని బ్యాక్టీరియాలు దాటుతాయి. టేల్ జన్యువుల్లో ఒకేలాంటి ముక్కలు వరుసగా ఉండడం వల్ల అవి సులువుగా అటూ ఇటూ కలిసిపోయి కొత్త లక్ష్యాన్ని చదివే టేల్ పుట్టవచ్చు. ఎక్స్ఏ4 అనే మరో నిరోధక జన్యువు ఒక్కదాని మీద ఆధారపడ్డ రకాలను ఫిలిప్పీన్స్‌లో కొత్త తెగ బ్యాక్టీరియా దాటేయడం తెలిసిందే. మూడు అడ్డంకులను ఒకేసారి దాటే మార్పులు ఒకే బ్యాక్టీరియాలో జరగడం కష్టం.

విత్తనం కొనేటప్పుడు కొన్ని సంగతులు చూసుకోవాలి. ఎక్స్ఏ5, ఎక్స్ఏ13 అంతర్గత జన్యువులు, రెండు కాపీలూ నిరోధక రూపంలో ఉంటేనే పనిచేస్తాయి. శుద్ధమైన రకంలో అవి తరతరానికీ అలాగే నిలుస్తాయి కాబట్టి ఇంప్రూవ్డ్ సాంబమసూరి విత్తనం సొంతంగా దాచుకోవచ్చు. కల్తీ గింజలు చేరితే మాత్రం ఆ మొక్కలే తెగులుకు మూలమవుతాయి. పూత దశలో ఎత్తు, గింజ తేడా ఉన్న మొక్కలను పీకేయండి, మూడేళ్లకోసారి విత్తనం మార్చండి. హైబ్రిడ్ వరిలో అయితే తల్లి, తండ్రి రెండింటిలోనూ ఈ ఎక్స్ఏ5, ఎక్స్ఏ13 ఉంటేనే వాటి లాభం.

"ఈ రకం తెగుళ్లను తట్టుకుంటుంది" అని సంచి మీద రాసి ఉంటే ఏ తెగులో అడగండి. అగ్గి తెగులును తట్టుకునే రకం ఎండాకు తెగులును తట్టుకోవాలని లేదు, రెండింటి జన్యువులూ వేరు. సన్నాలకు బోనస్ వచ్చాక దక్షిణ తెలంగాణలో సన్న రకాల విస్తీర్ణం పెరిగింది, ఈ ప్రశ్న ఇప్పుడు ఇంకా అవసరం. మీ ప్రాంతానికి ఏ రకాలు సరిపడతాయో పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలోనో, కంపాసాగర్ పరిశోధన స్థానంలోనో అడగవచ్చు.

ఎక్స్ఏ21 బలం మొక్క ముదిరే కొద్దీ పెరుగుతుంది, నారు దశలో తక్కువ. మిగతా రెండూ తోడున్నా, నిరోధక రకం వేశామని నారుమడిని వదిలేయకూడదు.

పొలంలో చేయాల్సినవి

గత పంటలో తెగులు వచ్చిన మడిలో నారు పోయకండి. పక్క పొలం నీళ్లు నారుమడిలోంచి పారకుండా కాల్వ వేరే తీయండి. పాత కొయ్యలను, వాటి నుంచి లేచిన పిలకలను, గట్ల మీది గడ్డిని దున్నకముందే తీసేయాలి. బ్యాక్టీరియా ఒక పంట నుంచి ఇంకో పంటకు వీటిలోనే దాటుతుంది. వానాకాలం, యాసంగి మధ్య ఖాళీ లేకుండా వరి మీద వరి వేసే సాగర్ ఆయకట్టులో ఇది చాలామంది వదిలేసే పని. నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి. గాలి ఆడి ఆకులు త్వరగా ఆరతాయి, మందు కొట్టేవాళ్లు తడి ఆకులను ఒరుసుకుంటూ నడవాల్సిన అవసరమూ తప్పుతుంది.

యూరియా దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతోంది. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడి, దుబ్బు గుబురై, లోపల తేమ నిలుస్తుంది. ఉష్ణోగ్రత 25 నుంచి 34 డిగ్రీలు, గాలిలో తేమ 70 శాతం పైన ఉంటే ఈ బ్యాక్టీరియాకు అనుకూలం. గుబురు పైరులో ఆ వాతావరణం మనమే తయారు చేసినట్టు. లెక్క ఇలా వేసుకోండి. ఎకరాకు 48 కిలోల నత్రజని వేయాలనుకుంటే, 50 కిలోల డీఏపీ బస్తా ఒకటి వేసినప్పుడు అందులోనే 9 కిలోలు వస్తుంది. మిగిలిన 39 కిలోలకు 85 కిలోల యూరియా చాలు, అంటే 45 కిలోల బస్తాలు రెండుకు కొంచెం తక్కువ. డీఏపీలోని నత్రజని లెక్కలో పట్టకుండా మూడో బస్తా వేసే పొలాలే ముందు ఎండుతాయి. యూరియాను నాట్లప్పుడు, దుబ్బు చేసేటప్పుడు, అంకురం దశలో మూడు దఫాలుగా వేయండి. పొటాష్ ఎకరాకు 16 కిలోలు, అంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 27 కిలోలు, సగం నాట్లప్పుడు, సగం అంకురం దశలో.

తెగులు కనబడితే పై యూరియా ఆపండి. తర్వాతి దఫా సమయం వచ్చినా, కొత్త ఆకులకు మచ్చలు రావడం ఆగే దాకా వేయకండి. "ఎండిపోతోంది, బలం కావాలి" అని యూరియా చల్లితే మచ్చలు ఇంకా పెరుగుతాయి. పొలంలో నీళ్లు తీసేసి రెండు మూడు రోజులు ఆరగట్టండి, తీసిన నీళ్లు పక్క మడిలోకి వదలకండి. పొట్ట, పూత దశలో ఉంటే మాత్రం ఆరగట్టకండి, నీళ్లు పలుచగా ఉంచి పారుతూ ఉండనివ్వండి. ఆకుల మీద మంచు, వాన తడి ఆరే దాకా పొలంలోకి దిగకండి.

మందు ఎంతవరకు

కాపర్ ఆక్సీక్లోరైడ్ 50 శాతం పొడి మందు లీటరుకు 3 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీళ్లకు 600 గ్రాములు. ఇది ఆకు పైన ఉన్న బ్యాక్టీరియాను చంపుతుంది. లోపల నాళాల్లో ఉన్నదాన్ని అందుకోదు, ఎండిన ఆకు పచ్చబడదు. కాబట్టి పనికొచ్చేది మడి మూలల్లో మొదటి మచ్చలు కనబడ్డప్పుడు, గాలివాన తర్వాత, ఆ చుట్టుపక్కల పైరు మీద. మడంతా ఎండాక కొట్టడం ఖర్చు తప్ప లాభం లేదు. పూత మీద కొట్టకండి, గింజ కట్టడం దెబ్బతింటుంది. ఇతర పురుగు మందులతో కలపకండి.

స్ట్రెప్టోమైసిన్ కలిసిన మందుల సంగతి కొంచెం ఆలోచించాలి. పాత సిఫారసుల్లో ఇవి ఉన్నాయి. స్ట్రెప్టోమైసిన్ క్షయ వైద్యంలో మనుషులకు వాడే మందు. స్ట్ర్-ఏ, స్ట్ర్-బీ అనే జన్యువులు ఉన్న బ్యాక్టీరియా దీన్ని నిర్వీర్యం చేస్తుంది. ఈ జన్యువులు తరచూ ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చక్రాల మీద ఉండి ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి దాటిపోతాయి. పంటల్లో స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ ఆపాలని కేంద్రం 2021లో ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది. ఇప్పుడు ఏది అనుమతిలో ఉందో మండల వ్యవసాయాధికారిని అడగకుండా కొనకండి. రాగికి కూడా నిరోధకత ఉంది. నిమ్మ గజ్జి బ్యాక్టీరియాలో కాప్-ఎల్, ఏ, బీ అనే జన్యువులు రాగిని తట్టుకునేలా చేస్తాయి. వారం వారం కొట్టేవాళ్లు అలాంటి బ్యాక్టీరియాకే చోటు చేసి పెడుతున్నారు.

నిమ్మ, బత్తాయి, పత్తి

నకిరేకల్ వైపు నిమ్మతోటల్లో, నల్గొండ బత్తాయి తోటల్లో కనిపించే గజ్జి తెగులు కూడా శాంథోమోనాస్ జాతిదే, కానీ తెగ వేరు, పని తీరు వేరు. అది నాళాల్లోకి పోదు. దాని పిటిహెచ్-ఏ4 అనే టేల్, చెట్టులోని లాబ్1 అనే జన్యువును లేపుతుంది. దాంతో కణాలు ఉబ్బి, విభజన చెంది, ఆకు మీద గరుకుగా బెండులాంటి పొక్కు లేస్తుంది, చుట్టూ పసుపు వలయం ఉంటుంది. పొక్కు పగిలినప్పుడు బ్యాక్టీరియా బయటికి వస్తుంది. పొక్కు ఏర్పడకపోతే వ్యాప్తీ తక్కువే, అంటే ఈ ఒక్క టేల్ మీదే దాని బతుకు చాలావరకు ఆధారపడింది. బత్తాయి కన్నా నిమ్మకు ఇది ఎక్కువ.

సెకనుకు 8 మీటర్లు, అంటే గంటకు 29 కిలోమీటర్ల వేగం దాటిన గాలితో వాన పడితే నీళ్లు ఆకు రంధ్రాల్లోకి దూసుకుపోతాయి, వాటితో పాటు బ్యాక్టీరియా కూడా. లేత చిగురు ముదిరే దాకా ప్రమాదం ఎక్కువ. అందుకే వానలకు ముందే, మే నెలలో, గజ్జి కొమ్మలు కత్తిరించి కాల్చేయండి. చిగురు వచ్చినప్పుడల్లా కాపర్ ఆక్సీక్లోరైడ్ 10 లీటర్లకు 30 గ్రాములు కొట్టండి, వానాకాలంలో 20 రోజుల తేడాతో మళ్లీ. ఆకు తొలుచు పురుగు చేసిన సొరంగాలు గజ్జికి సిద్ధంగా ఉన్న గాయాలు, కాబట్టి లేత చిగురుకు వేపగింజల కషాయం 5 శాతం కొట్టడం రెండు పనులకూ ఉపయోగమే.

ఒక శాతం బోర్డో మిశ్రమం సొంతంగా చేసుకునేవాళ్లు కిలో మైలుతుత్తం 50 లీటర్ల నీళ్లలో, కిలో సున్నం ఇంకో 50 లీటర్లలో ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కరిగించి, మైలుతుత్తం ద్రావణాన్ని సున్నంలోకి పోస్తూ కర్రతో కలపాలి. తుప్పు లేని మామూలు ఇనుప కత్తి మొన ముంచి చూడండి. ఎర్రటి పూత పడితే రాగి ఇంకా విడిగా ఉంది, కొంచెం సున్నం కలపండి, లేకపోతే చిగురు మాడుతుంది. చేసిన రోజే వాడాలి, మర్నాటికి పనికిరాదు.

పత్తిలో నల్లమచ్చ తెగులుదీ ఇదే కథ. ఏవీఆర్-బి6 అనే టేల్ పత్తిలోని స్వీట్10 జన్యువును లేపుతుంది. ఆకు ఈనెల మధ్య కోణాలుగా నీరు పట్టిన మచ్చలు, తర్వాత కొమ్మ మీద నల్ల చారలు కనబడతాయి. ఇది విత్తనంతో కూడా వస్తుంది కాబట్టి ఆమ్లంతో నూగు తీసిన విత్తనమే వేయండి, తెగులు పట్టిన మోడులను పొలంలో నిలవనివ్వకండి.

నమూనా పంపాల్సి వస్తే

గ్లాసు పరీక్షలో తేలకపోతే పది ఆకులు తీసుకోండి, అన్నింటిలోనూ పచ్చ భాగం, మచ్చ భాగం రెండూ ఉండాలి. పూర్తిగా ఎండినవి వద్దు. పాత న్యూస్ పేపరు మడతల మధ్య పెట్టి కాగితం కవరులో వేయండి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమటపట్టి కుళ్లుతాయి, అప్పుడు అసలు బ్యాక్టీరియాను మించి కుళ్లు బ్యాక్టీరియాలు పెరుగుతాయి. ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి. ఒక రోజులో చేరేలా చూడండి. కవరు మీద రకం పేరు, నాటిన తేదీ, వేసిన యూరియా బస్తాలు, చివర కొట్టిన మందు, మచ్చలు ముందు కనబడ్డది మడి ఏ మూలనో రాయండి. రాగి మందు కొట్టి వారం కాకపోతే అది తప్పకుండా రాయాలి, ఎందుకంటే ఆ ఆకుల నుంచి బ్యాక్టీరియాను పెంచి చూడడం కష్టమవుతుంది.